దీనసేవకుడైన పీఠాధిపతి: డోర్నకల్ అజరయ్య

సేవ అనే మాట వినసొంపైనది. కాని ఆ మాట వెనుక ఎప్పుడూ ఇద్దరుంటారు. ఒకరు ఇచ్చేవారు, మరొకరు పుచ్చుకొనేవారు. ఇచ్చే చేయి పైన ఉంటుంది, పుచ్చుకొనే చేయి క్రింద ఉంటుంది. సేవకుడు ఎంత వినయంగా మాట్లాడినా, ఎంత సాదాగా బ్రతికినా ఆ పైచేయి పైచేయిగానే ఉండిపోతే అది దయ అవుతుంది, దానం అవుతుంది, ధర్మం కూడా అవుతుంది. దీనసేవ మాత్రం కాదు. పుచ్చుకొన్న చేతికే ఇచ్చే శక్తిని కలిగించి, చివరకు తన అవసరమే లేకుండా చేసికొనేవాడు దీనసేవకుడు. తెలంగాణపు మెట్ట పల్లెలలో మూడున్నర దశాబ్దాల పాటు అటువంటి సేవ చేసినవారు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు. ఆయన తెలుగువారు కారు. తెలంగాణలో పుట్టినవారు కారు. అయినను ఆయన పేరు డోర్నకల్ పేరుతో విడదీయరానిదైనది.

పందొమ్మిదవ శతాబ్దం చివరి పాదంలో నిజాం రాష్ట్రపు తెలుగు జిల్లాలలోనికి క్రైస్తవ మిషనులు ఒకటొకటిగా ప్రవేశించినవి. అమెరికను బాప్టిస్టులు 1885లో పాలమూరులోను, 1890లో నల్లగొండలోను తమ కేంద్రాలను స్థాపించినారు. నల్లగొండకు వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా దేశపు మెనొనైటు సంఘీయుల ఆదరణతో వచ్చినవాడు. ఈ మిషనుల వలన బడులు, వైద్యశాలలు వెలసినవి. ఎవరూ తాకని రోగిని తాకిన చేతులు, ఎవరూ అక్షరం నేర్పని పిల్లలకు పలకా బలపం ఇచ్చిన చేతులు అవి. ఆ ఋణాన్ని కాదనరాదు. కాని ఆ కేంద్రాలలో ఎక్కువ చోట్ల నిర్ణయాలు బంగళాలో జరిగేవి. డబ్బు సముద్రాల ఆవలి నుండి వచ్చేది. ఎండలో నడిచి ఊరూరా తిరిగే స్థానిక ఉపదేశి జీతానికి పనిచేసేవాడు. గూడెపు బీదవానికి ఊరిలో ఒక దొర ఉండనే ఉన్నాడు. బంగళాలో ఉన్న తెల్లవానిని కూడా వాడు దొర అనే పిలిచినాడు. పిలుపులోని ఆ పోలికను సమస్యగా గుర్తించిన భారతీయులలో అజరయ్య గారు అగ్రగణ్యులు.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో వెల్లాళన్‌విళై అనే చిన్న గ్రామంలో జన్మించినారు. తండ్రి తామస్ వేదనాయగం హిందూ కుటుంబంలో పుట్టి క్రైస్తవ మతం స్వీకరించి, పల్లెటూరి సంఘానికి గురువుగా జీవితం గడిపినవారు. తల్లి ఎల్లెన్ భక్తురాలు, క్రమశిక్షణకు పెట్టినది పేరు. వారిది నాడార్ కులం. తాటిచెట్లెక్కి బ్రతికే ఆ కులం ఒకనాడు దేవాలయ ప్రవేశానికైనా నోచుకోక అవమానాలు భరించినది. చదువు, వర్తకం, ఐకమత్యం అనే మూడు ఆసరాలతో అది ఒకటి రెండు తరాలలో తలయెత్తుకొన్నది. అణగియున్న జనం తమ కాళ్ళ మీద తాము నిలువగలరన్న విశ్వాసం అజరయ్య గారికి పుస్తకాలలో దొరికినది కాదు. తమ ఇంటి చరిత్రలోనే దొరికినది.

బాల్యంలోనే తండ్రి గతించినారు. తల్లి పెంపకంలో మిషను పాఠశాలలలో చదివినారు. క్రైస్తవ విద్యార్థులలో సైతం కులభేదాలు పాతుకొని ఉండడం చూచి, తోటివారితో కలిసి ఆ భేదాలను ఎదిరించే ఒక చిన్న సంఘం పెట్టినారు. తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరినారు. పట్ట పరీక్ష సమీపించిన సమయంలో జబ్బుపడి పరీక్షకు కూర్చుండలేకపోయినారు. ఆ పట్టం కొరకు ఆయన మరల ప్రయత్నించలేదు. డిగ్రీ లేని ఈ విద్యార్థికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరు పట్టం ఇచ్చినది.

1895లో ఆయన క్రైస్తవ యువజన సంఘంలో కార్యదర్శిగా ప్రవేశించినారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడినారు. కళాశాల చదువు చదివిన తొలి తిరునెల్వేలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. కట్నకానుకలు లేకుండా, ఆర్భాటం లేకుండా ఆ పెళ్ళి జరిగినది. యువజన సంఘం పని మీద అజరయ్య గారు దక్షిణ దేశమంతా తిరిగినారు. కె. టి. పాల్ వంటి స్వదేశీయులు, షేర్‌వుడ్ ఎడ్డీ వంటి అమెరికనులు ఆయనకు ఆప్తమిత్రులైనారు.

1902లో చేసిన జాఫ్నా ప్రయాణం ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పినది. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఇతర ప్రాంతాలకు సేవకులను పంపుతున్నారు. అది చూచి ఆయన సిగ్గుపడినారు. తిరునెల్వేలి సంఘం వయసులో పెద్దది, సంఖ్యలో పెద్దది. కాని అది అప్పటికీ పుచ్చుకొనే సంఘంగానే ఉండిపోయినది. తిరిగివచ్చిన వెంటనే ఆయన మిత్రులను కూడగట్టి 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించినారు. మనుష్యులు, ధనం, నిర్వహణ మూడును ఈ దేశపువారివే కావలెనన్నది దాని నియమం. 1905 డిసెంబరు 25న బెంగాలులోని శ్రీరాంపురంలో దేశవ్యాప్తమైన జాతీయ మిషనరీ సంఘం ఏర్పడినప్పుడు దాని స్థాపకులలో ఆయన ముఖ్యులైనారు. వంగ దేశంలో స్వదేశీ ఉద్యమం చెలరేగిన సంవత్సరం అదే. విదేశీ వస్త్రాన్ని విడనాడుమని దేశం నినదిస్తున్న వేళ, క్రైస్తవ సంఘం కూడా పరాయి ఊతకర్రను విడిచి నడువవలెనని ఈ యువకులు తలపోసినారు.

తిరునెల్వేలి సంఘం తన సేవకు ఎన్నుకొన్న క్షేత్రం నిజాం రాష్ట్రంలోని తెలుగు ప్రాంతం. మానుకోట, డోర్నకల్ పరిసరాలు అప్పుడు వరంగల్ జిల్లాలోనివి. నల్లగొండ జిల్లా తూర్పు సరిహద్దుకు అవి సమీపమైనవి. ఎఱ్ఱనేల, చెలకలు, బండరాళ్ళ గుట్టలు, చెరువు నిండితే అన్నం, ఎండితే వలస. కాజీపేట నుండి బెజవాడకు పోయే రైలుమార్గంలో, ఇల్లెందు బొగ్గుగనులకు చీలే దారి మీద ఉండడం తప్ప డోర్నకల్‌కు నాడు వేరే విశేషం లేదు. చుట్టుప్రక్కల పల్లెలలో మాల మాదిగలు పటేలు పట్వారీలకు, దేశముఖులకు వెట్టి చేసేవారు. కబురు మోయవలెను, డప్పు వేయవలెను, చెప్పులు కుట్టి ఇవ్వవలెను, పిలిచినప్పుడెల్ల కూలి లేకయే పొలానికి పోవలెను. తండ్రి చేసిన అప్పు తీర్చడానికి కొడుకు జీతానికి ఉండేవాడు. ఊరి బావి వారిది కాదు, ఊరి బడి వారిది కాదు.

తాము స్థాపించిన సంఘానికి కార్యదర్శిగా మద్రాసులో కూర్చుండి చందాలు పోగుచేసినా అజరయ్య గారిని ఎవరును తప్పుపట్టి ఉండరు. ఇతరులను పొమ్మని, తాను పోకుండుట ఆయన మనస్సుకు ముల్లై గుచ్చుకొన్నది. 1909లో యువజన సంఘపు ఉన్నతోద్యోగం వదలి, గురుపట్టం పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరినారు. మొదట డేరాలోనే కాపురం. ముప్పది అయిదవ ఏట పలక పట్టిన పిల్లవానివలె తెలుగు నేర్చుకొన్నారు. తమిళ యాస మిగిలిన ఆ తెలుగుతోనే గూడెపు ముసలివారి ముందు కూర్చుండి మాట్లాడినారు. తప్పు పలికితే దిద్దే అధికారం చదువురాని ఆ శ్రోతలకు ఉండేది. గురువు శిష్యుడై కూర్చున్న ఆ వేళలలోనే దీనసేవకు మొదటి పాఠం జరిగినది.

మరుసటి సంవత్సరం, 1910లో, స్కాట్లాండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. పన్నెండు వందలకు పైబడిన ప్రతినిధులలో ఆసియా ఖండపు క్రైస్తవులు ఇరవైమంది కూడ లేరు. ఆ కొద్దిమందిలో ఒకరైన అజరయ్య గారికి, విదేశీ మిషనరీలకును స్వదేశీ సేవకులకును గల సంబంధాన్ని గూర్చి ప్రసంగించే బాధ్యత అప్పగించినారు. మర్యాదకు నాలుగు మాటలు చెప్పి కూర్చుండవచ్చును. ఆయన అట్లు చేయలేదు. విదేశీయుల త్యాగాలను మనస్ఫూర్తిగా కొనియాడినారు. పిమ్మట, ఆస్తిని, దేహాన్ని సైతం ధారపోసిన ఆ మిషనరీలు భారతీయ సహోద్యోగిని సమానునిగా ఇంటికి పిలిచి భోజనం పెట్టుటకు మాత్రం వెనుకాడుతున్నారని, త్యాగం కంటె ఈ దేశానికి స్నేహం ఎక్కువ అవసరమని స్పష్టంగా చెప్పినారు. సభలో కలవరం పుట్టినది. కొందరికి కోపం వచ్చినది. కాని శతాబ్దం గడచినా ఆ మహాసభలో నేటికీ ఎక్కువగా జ్ఞాపకముంచుకొంటున్న ప్రసంగాలలో అది ఒకటి. దీనత్వమనగా నోరు మూసికొని ఉండుట అని భావించేవారికి ఆ ప్రసంగమే సమాధానం. తనకొరకు ఏమియు అడగనివాడే అంత నిర్భయంగా మాట్లాడగలడు.

ఆనాటి మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ గ్రామసీమల సంఘాలు భారతీయుల చేతిలోనే పెరగవలెనని నమ్మినవాడు. ఆయన పట్టుదల ఫలించి డోర్నకల్ ప్రత్యేక అధ్యక్ష మండలమైనది. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కథీడ్రల్‌లో అజరయ్య గారికి బిషప్పు అభిషేకం జరిగినది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొట్టమొదటి భారతీయులు ఆయనయే. అప్పటికి ఆయన వయస్సు ముప్పది ఎనిమిది ఏండ్లు. తెల్లవారిపై నల్లవానికి అధికారమా అని కొందరు మిషనరీలు పెదవి విరిచినారు. స్వదేశీయులలో కూడా అసూయపడినవారు ఉన్నారు. ఈ ప్రయోగం విఫలమైతే భారతీయులకు బాధ్యత అప్పగించే మాట మరల ఎవరును ఎత్తరని ఆయనకు తెలియును. ఆ భారం మోస్తూ ఆయన పని ప్రారంభించినారు.

బిషప్పు పదవి గౌరవపదవి. ఉంగరం, దండం, సింహాసనం దాని చిహ్నాలు. అజరయ్య గారు ఆ చిహ్నాలను కాదనలేదు, వాటిలో చిక్కుకొననూ లేదు. ఏడాదిలో పెద్దభాగం ఆయన పల్లెలలోనే గడిపేవారు. రైలు ఉన్నంతవరకు రైలు, ఆ తరువాత ఎద్దుబండి, బండి పోని చోట సైకిలు, అదియు సాగని చోట కాలినడక. కూలిపని ముగించుకొని జనం ఇండ్లు చేరిన తరువాత, దీపాలు పెట్టిన వేళ గూడెంలో సభ జరిగేది. ఆయన ఉపన్యసించేవారు కారు. ప్రశ్నలు వేసేవారు. ఒక కథ చెప్పి, దానినే మరల వారి నోట చెప్పించేవారు. అక్షరం రాని స్త్రీలు విశ్వాస ప్రమాణాన్ని, పది ఆజ్ఞలను కంఠస్థం చేసి ఆయన ఎదుట ఒప్పజెప్పేవారు. తెలుగు కీర్తనలు, భజనలు, కాలక్షేపాలు, పంట పండుగలు ఆరాధనలో చోటుచేసికొన్నవి. మతం మారినంత మాత్రాన పాట మారనక్కరలేదని, ఆట మారనక్కరలేదని ఆయన అభిప్రాయం.

ఆయన చేసిన పనులన్నిటిలో రెండు చిన్న ఏర్పాట్లను తలచుకొంటే ఆయన హృదయం తెలుస్తుంది. మొదటిది బాప్తిస్మానికి సంబంధించినది. బాప్తిస్మం పొందినవారు తమ చేతిని తమ తలపై ఉంచుకొని, ఈ శుభవార్తను ఇతరులకు చెప్పకుండిన తమకు శ్రమ అని అర్థం వచ్చే వాక్యాన్ని పలుకవలెను. నిన్నటివరకు ఊరి పొలిమేరలో నిలబడి, ఇతరుల ఆజ్ఞలు వినుటకే పుట్టినానని తలచిన మనిషి, ఆ క్షణం నుండి ఇతరులకు చెప్పవలసినవాడైనాడు. రెండవది పిడికెడు బియ్యం. వంటకు బియ్యమో జొన్నలో కొలిచినప్పుడు ఇల్లాలు అందులో నుండి పిడికెడు తీసి వేరొక కుండలో వేసేది. ఆదివారం నాడు ఆ కుండ దేవాలయానికి చేరేది. ఒకపూట తిని ఒకపూట పస్తుండే వారి వద్ద ఈ వసూలు ఏమిటి అని జాలిపడినవారున్నారు. ఆ జాలినే అజరయ్య గారు ఒప్పుకొనలేదు. బీదవాడు ఇవ్వలేడని అనుకొనుట బీదవానికి చేసే అవమానాలలో అతి సూక్ష్మమైనదని ఆయన గ్రహించినారు. తానిచ్చిన పిడికెడు బియ్యంతో తన ఉపదేశి తింటున్నాడని తెలిసిన స్త్రీ ఆ దేవాలయంలో అతిథి కాదు, యజమానురాలు. కానుకలను గూర్చి ఆయన రచించిన గ్రంథం పలు భాషలలోనికి అనువాదమైనది. దాని సారమంతయు ఆ కుండలో ఉన్నది.

పల్లె ఉపదేశులను గూర్చి ప్రత్యేకంగా చెప్పవలసియున్నది. ఆ అధ్యక్ష మండలం నిలిచినది బిషప్పు మీద కాదు, వారి మీద. చదువు స్వల్పం, జీతం అంతకంటె స్వల్పం. తాటాకు పాకలో కాపురం, అదే పాకలో పగలు పిల్లల బడి, రాత్రి పెద్దల బడి, ఆదివారం దేవాలయం. ఎవరికైనా జ్వరం వస్తే మందు తేవలెను. అప్పు పత్రం చదివి చెప్పవలెను. వెట్టికి ఎదురాడినవానికి అర్జీ వ్రాసి పెట్టవలెను. అందువలన దొర కోపానికి మొదట గురియయ్యేది ఆ ఉపదేశియే. చరిత్ర గ్రంథాలలో వారి పేర్లు అరుదు. అజరయ్య గారు డోర్నకల్‌లో శిక్షణాలయాలు నడిపి అటువంటివారిని తరగతులు తరగతులుగా తయారుచేసినారు. వారిలో యోగ్యులైనవారికి గురుపట్టం ఇచ్చినారు. విదేశాలలో వేదాంతం చదివిన నలుగురి కంటె, గూడెంలో పుట్టి గూడెంలో బ్రతికే నలభైమంది ఈ పనికి తగినవారని ఆయన నమ్మకం. మాల మాదిగల ఇండ్ల నుండి వచ్చిన ఆ యువకులు గురువులై బల్లయొద్ద నిలుచుట ఆనాడు సామాన్యమైన మార్పు కాదు.

డోర్నకల్ పాఠశాలలలో అక్షరంతో పాటు నేత, వడ్రంగం, వ్యవసాయం నేర్పినారు. చదివినవాడు చేతులకు మట్టి అంటరాదనుకొంటే ఆ చదువు మరొక కులమై కూర్చుంటుందని ఆయన భయం. మురికి, రోగం, అప్పు, త్రాగుడు అనే నాలుగింటిని ఆయన పల్లెను పట్టిన నాలుగు దయ్యాలుగా వర్ణించేవారు. గురువుల భార్యలకు అన్బు గారు స్వయంగా చదువు, శుభ్రత, శిశుపోషణ నేర్పేవారు. ఒక గురువును తయారుచేయుట కంటె గురుదంపతులను తయారుచేయుట మేలని ఆమె ఎరిగినారు. కీర్తి అంతా భర్త పేరున నమోదైనది. పనిలో సగభాగం ఆమెది.

1920 తరువాత కృష్ణా గోదావరి ప్రాంతాలలోని, రాయలసీమలోని సంఘాలు కూడా డోర్నకల్ అధ్యక్ష మండలంలో చేరినవి. ఈ ప్రాంతమంతటా 1912లో 56 వేలకు పైగా ఉన్న ఆంగ్లికన్ క్రైస్తవులు 1941 నాటికి సుమారు 2 లక్షల 25 వేలైనారు. మాల మాదిగలలో వచ్చిన మార్పును చూచి పలుచోట్ల శూద్ర కులాలవారు కూడా దేవాలయానికి రాజొచ్చినారు. పొలంలో తన క్రింద పనిచేసే కూలివాడు త్రాగుడు మానినాడు, కొడుకును బడికి పంపినాడు, మాటకు నిలబడుతున్నాడు, ఇది ఎట్లు సాధ్యమైనదని ఆసామి ఆలోచనలో పడినాడు. బోధించినది బిషప్పు కాదు, ఆ కూలివాని బ్రతుకు. ఈ అనుభవాలను అజరయ్య గారు వైట్‌హెడ్‌తో కలిసి గ్రంథస్థం చేసినారు.

అయితే ఆయన తలపెట్టినవన్నియు నెరవేరినవనుట సత్యం కాదు. మాలలు, మాదిగలు ఒకే బల్లయొద్ద కూర్చుండి ఒకే పాత్రలో పాలుపంచుకొనవలెనని ఆయన పట్టుబట్టినారు. కొన్ని చోట్ల అది జరిగినది, కొన్ని చోట్ల మనసులు కలియలేదు. చదువులోను, ఉద్యోగాలలోను మాలలకే ముందుగా అవకాశం అందుతున్నదని మాదిగలు నొచ్చుకొని ఫిర్యాదులు చేసిన సందర్భాలున్నవి. అణగారినవారి నడుమనే హెచ్చుతగ్గులుండుట ఆయనను జీవితాంతం వేధించిన బాధ. సంఘాల చీలికలు మరొక బాధ. హిందువుగా మరణించనని 1935లో ప్రకటించిన డాక్టర్ అంబేద్కర్, తమవారు క్రైస్తవులైతే ఇన్ని శాఖలలో ఏ శాఖలో చేరవలెనని, ఇప్పుడున్న ఐక్యతను కోల్పోవలెనా అని అడిగిన ప్రశ్నకు ఆయన వద్ద జవాబు లేకపోయినది. జవాబు లేదని ఒప్పుకొని ఆ సిగ్గును ఆయన దాచుకొనలేదు. 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశం నాటి నుండి దక్షిణదేశ సంఘాల ఐక్యతకు ఆయన చేసిన కృషి వెనుక ఈ వేదన ఉన్నది.

రాజకీయాలలో ఆయన మార్గం ఎవరికినీ పూర్తిగా నచ్చినది కాదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని ఆయన వాదించినారు. అల్పసంఖ్యాకులు గిరిగీసికొని కూర్చుంటే ఇరుగుపొరుగుకు సేవచేసే అవకాశమే పోతుందని ఆయన అభిప్రాయం. మరొకవైపు మూకుమ్మడి మతాంతరీకరణల విషయంలో గాంధీ మహాత్మునికి ఆయనతో తీవ్రమైన అభిప్రాయభేదం ఉండేది. నిరక్షరాస్యులైన హరిజనులు మతతత్త్వం ఎరిగి మారుచున్నారనుట గాంధీజీకి నమ్మదగినదిగా తోచలేదు. తమకు ఏది మేలో నిర్ణయించుకొనే వివేకం గూడెపు మనిషికి ఉన్నదని అజరయ్య గారి విశ్వాసం. ఇద్దరును నిరాడంబరులే, ఇద్దరును పల్లెను నమ్మినవారే, ఇద్దరును అస్పృశ్యతను పాపమన్నవారే. వారి వివాదం నేటికినీ తీరలేదు. అందులో ఏ పక్షం వహించిన చదువరియైనా ఒక విషయం గుర్తింపవచ్చును. బీదవానిని తన తరఫున మరొకరు ఆలోచించిపెట్టవలసిన పసివానిగా అజరయ్య గారు ఎన్నడును చూడలేదు.

డోర్నకల్‌లో దేవాలయ నిర్మాణం చాలా ఏండ్లు సాగినది. 1939 జనవరి 6న దాని ప్రతిష్ఠ జరిగినది. గుమ్మటాలు, మినారులు మసీదును జ్ఞప్తికి తెచ్చును. స్తంభాలు, మండపం హిందూ ఆలయాన్ని తలపించును. కలువపూవుపై సిలువ కనిపించును. తన మతం ఈ నేలకు పరాయిది కాదని ఆయన రాతితో చెప్పిన మాట అది. కాని పల్లె పల్లెలో తాటాకు కప్పుతో వెలసిన పాకదేవాలయాలు ఆ రాతిగుడికి ముందే పుట్టినవి.

డెబ్బది ఏండ్ల వయస్సులో కూడా ఆయన ప్రయాణాలు ఆగలేదు. 1944 చివరి రోజులలో పల్లెలు తిరిగివచ్చి జ్వరపడినారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూసినారు. ఆ దేవాలయపు నీడలోనే ఆయన సమాధి ఉన్నది. ఆయన కలలుగన్న దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో అవతరించినది. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి నెలన్నర కూడా నిండలేదు.

అజరయ్య గారి అనంతరం డోర్నకల్ అధ్యక్ష మండలం కూలిపోలేదు. నాయకుడు పోగానే చెదరిపోయే సంస్థలను చూచినవారికి ఇది చిన్న విషయంగా తోచదు. ఆయన నేర్పినవారు నేర్పినారు, వారి వలన నేర్చినవారు మరల నేర్పినారు. కావుననే పని ఆయనతో ముగియలేదు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఈ జీవితంలో ప్రత్యేకమైన పాఠం ఉన్నది. విద్యార్థి ఎల్లకాలం తన ఎదుట చేతులు కట్టుకొని నిలబడవలెనని కోరే గురువు ఎంత పండితుడైనా అతని సేవ అసంపూర్ణం. విద్యార్థి లేచి మరొకనికి నేర్పగలిగిన నాడు, ఆ గురువును పేరుపెట్టి తలచుకొనకపోయినా, సేవ పూర్ణమైనది. విద్యార్థులకును ఒక పాఠం ఉన్నది. పుచ్చుకొన్నదానిలో నుండి పిడికెడు తీసి వేరొక కుండలో వేయడం పెద్దయిన తరువాత నేర్చుకొనే విద్య కాదు. కలిగిన దినాల కొరకు ఆగకుండా, కొలిచిన గింజలు కొద్దిగా ఉన్న దినాననే అలవరచుకొనవలసిన విద్య అది.